అధికారి వెడలిన పిమ్మట

2016వ సంవత్సరము ఏప్రిల్ మాసమున మహారాష్ట్రములోని లాతూరు పట్టణమునకు త్రాగునీటిని రైలుబండిపై తరలింపవలసి వచ్చెను. మిరజు నుండి బయలుదేరిన మొదటి బండి 12వ తేదీన లాతూరు చేరెను. పది ట్యాంకు పెట్టెలలో అయిదు లక్షల లీటర్ల నీరు అందు వచ్చినదని పత్రికలలో చదివి దేశమంతయు విస్తుపోయెను. ఆ లాతూరునకు ప్రక్కనే, సరిహద్దున కీవల నున్న జిల్లా బీదరు. అచ్చటను వరుసగా వానలు తప్పెను, చెరువులు నెఱ్ఱెలు వాఱెను, బావులలో బురద మాత్రమే మిగిలెను.

హైదరాబాదున నివసించు మనకు బీదరు పరాయి సీమ కాదు. 1956 నవంబరు 1వ తేదీ వరకు అది హైదరాబాదు రాష్ట్రములోని జిల్లాయే. నేడు మనలోనున్న జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు నాడు బీదరు జిల్లాకు చెందినవే. ఇచ్చటి కొళాయిలలోనికి వచ్చు మంజీరా నీరు ఆ జిల్లా మీదుగా ప్రవహించి వచ్చునదే. కనుక బీదరున నీటి కఱవు వచ్చినపుడు అచ్చటి అధికారి యేమి చేసెను, ప్రజ లేమి చేసిరి అను ప్రశ్న మనకును సంబంధించినదే.

ఆ కాలమున బీదరునకు డిప్యూటీ కమిషనరుగా, అనగా మన వాడుకలో కలెక్టరుగా నుండిన వారు శ్రీ అనురాగ్ తివారీ. ఆయన ఉత్తర ప్రదేశమునందలి బహరాయిచ్ వాస్తవ్యుడు. 2007వ సంవత్సరపు ఐ.ఏ.ఎస్. తరగతిలో కర్ణాటక రాష్ట్రమునకు వచ్చినవాడు. కఱవు వచ్చినపుడు అధికారులు సాధారణముగా చేయు పని యొకటి కలదు. లారీలతో నీరు తోలించుట, క్రొత్త గొట్టపుబావులు త్రవ్వించుట, పై ప్రభుత్వమునకు సహాయము కొఱకు వ్రాయుట. ఇవి చేయవలసినవే. కాని లారీ నీరు సాయంకాలమునకు చెల్లును; గొట్టపుబావి భూగర్భమున నున్న కొలదినే తోడును. తివారీగారు వీనితో తృప్తి చెందక జిల్లాలో పూడిపోయిన పాత చెరువులను, పాడుపడిన దిగుడుబావులను లెక్కకు తెచ్చి, వానిని శుభ్రము చేయించు పనికి పూనుకొనిరి. అల్పకాలములో నూటికి మించిన చెరువులకును, నూటికి మించిన బావులకును పూడికతీత జరిగెను.

ఈ పనికి బీదరు నేల యెంత యనువైనదో తెలిసికొనిననే దాని విలువ బోధపడును. బీదరు పట్టణము ఎఱ్ఱని లాటరైటు రాతి దిబ్బపై నున్నది. ఆ రాయి గుల్ల రాయి. వాననీరు దానిలో సులభముగా ఇంకి, అడుగున నున్న గట్టి నల్లరాతి పొరను తాకి, అచ్చట నిలిచి, ప్రక్కలకు పాఱి, దిబ్బ యంచులలో ఊటలై వెలువడును. ఈ రహస్యము నెఱిగినవారు గనుకనే బహమనీల కాలపు పనివారు నౌబాదు నొద్ద భూమిలోపల సొరంగమును తొలిచి, దానిపై నడుమనడుమ నిలువు బావులను దింపి, ఊటనీరు తనంత తానే దిగువకు పాఱునట్లు చేసిరి. దీనిని కరేజు అందురు. ఈ విద్య పారశీకము నుండి వచ్చినది. గిలక గాని, మోటగాని, నేటి విద్యుత్పంపు గాని దీనికి అక్కఱలేదు. ఐదువందల యేండ్లకు పైబడిన ఈ సొరంగము మట్టితోను చెత్తతోను పూడి, పైన నివేశన స్థలములు వెలసి, జనులు దాని యునికినే మఱచిరి. కఱవు వచ్చిన ఆ సంవత్సరముల ప్రాంతముననే దాని పూడిక తీయు పనియు సాగెను.

చెరువు పనిలో ముఖ్యముగా గమనింపదగినది మఱియొకటి. పూడిక తీసిన ఒండ్రుమట్టి నేమి చేయవలెను? కంట్రాక్టరునకు అప్పగించినచో దానిని మోసి పాఱవైచుటకే సగము సొమ్ము వ్యయమగును. రైతునకు అప్పగించినచో తన బండితోను, తన ట్రాక్టరుతోను తానే వచ్చి పొలమునకు తోలుకొనును. ఏండ్లతరబడి వానలు పొలముల నుండి కడిగి తెచ్చిన సారమే ఆ మట్టి. అది తిరిగి పొలమును చేరుచున్నది. ఈ బేరమున ప్రభుత్వమునకు ఖర్చు తగ్గును, రైతునకు ఎరువు దక్కును, చెరువునకు లోతు కలుగును. పట్టణములోని పాత బావుల శుభ్రతకు యువజనులు స్వచ్ఛందముగా దిగిరి. చేతితో పార పట్టి బావిలోనికి దిగినవాడు మఱునాడు అందులో చెత్త వేయువానిని చూచి ఊరకుండడు గదా!

అదే యేడు సెప్టెంబరున మంజీరా పరీవాహ ప్రాంతమున భారీ వర్షములు కురిసెను. అంతకు ముందే లోతు చేయబడిన చెరువులు ఆ నీటిని పట్టుకొనుటకు సిద్ధముగా నుండెను.

పిమ్మట తివారీగారికి బెంగుళూరునకు బదిలీ యయ్యెను. ఆహార, పౌర సరఫరాల శాఖకు కమిషనరుగా నుండగా 2017 మే 17వ తేదీన, తన జన్మదినముననే, ఆయన లక్నో నగరమున మరణించెను. వయస్సు 36 సంవత్సరములు. బీదరు ప్రజలు ఆయనను తలచికొని దుఃఖించిరి.

ఇచ్చట మన కొక ప్రశ్న కలుగుచున్నది. మంచి యధికారి వచ్చును, పోవును. బదిలీ యుత్తరువు వచ్చుటకు ఒక దినము చాలును. ఆయన వెడలిన పిమ్మట చెరువు మరల పూడకుండ చూచువా రెవ్వరు? కచేరీలో క్రమమును నిలుపువా రెవ్వరు? ఈ ప్రశ్న బీదరునకు క్రొత్తది కాదు. ఐదున్నర శతాబ్దముల క్రిందట ఆ పట్టణము నుండియే దక్కను నేలిన యొక మహామంత్రి విషయమున ఇదే ప్రశ్న పుట్టి, దానికి విషాదకరమైన ప్రత్యుత్తరము లభించినది.

మహమూదు గవాను పారశీకమునందలి గీలాను ప్రాంతీయుడు. 1453 ప్రాంతమున వర్తకుడై దక్కనునకు వచ్చి, బహమనీ సుల్తాను అలాఉద్దీను అహమ్మదు కొలువున ప్రవేశించెను. క్రమముగా ఎదిగి, బాలుడైన సుల్తానుకు రాజమాత సంరక్షకురాలుగా నున్న కాలమున రాజ్యభారమును పంచుకొని, 1466 మొదలు 1481 వరకు మూడవ మహమ్మదు షాకు ప్రధానమంత్రిగా నుండెను. ఆయన సేనలు గోవాను జయించెను, తీరాంధ్రమును త్రొక్కెను. ఆ దండయాత్రల కథ నిచ్చట చెప్పబోము. ఆయన కీర్తి నిలిచినది పాలనా సంస్కారములలో.

నాటి బహమనీ రాజ్యము నాలుగు తరఫులుగా నుండెను: గుల్బర్గా, దౌలతాబాదు, బీరారు, తెలంగాణము. ఒక్కొక్క తరఫుదారు తన సీమలోని కోటల నన్నింటిని చేతిలో నుంచుకొని, సేనను తానే పోషించుచు, చిన్న రాజువలె మెలగుచుండెను. గవాను ఈ నాలుగింటిని ఎనిమిదిగా విభజించెను. గుల్బర్గా నుండి బిజాపురమును, దౌలతాబాదు నుండి జున్నారును వేఱు చేసెను; బీరారు గావిలు, మాహూరు అను రెండు భాగములయ్యెను; మన తెలంగాణము రాజమహేంద్రవరము, ఓరుగల్లు అను రెండు సీమలయ్యెను. ఒక్కొక్క తరఫుదారునకు ఒక్క కోట మాత్రమే మిగిల్చి, తక్కిన కోటలకు సుల్తాను స్వయముగా దుర్గాధిపతులను నియమించు నట్లేర్పఱచెను. ప్రతి తరఫులోను కొంత భూమిని సర్కారు ఖాసాగా నిలిపి, దాని యాదాయము నేరుగా ఖజానాకు చేరునట్లు చేసెను.

సైన్యపు జీతముల విషయమున ఆయన చేసిన పని నేటి లెక్కల తనిఖీ శాఖవారు కూడ మెచ్చదగినది. వేయిమంది సేనను పోషించు నాయకునకు అంతకు ముందు ఏటా రెండు లక్షల హొన్నులు లభించుచుండెను. గవాను దానిని రెండున్నర లక్షలు చేసెను. కాని కాగితముపై నున్న సిపాయి కవాతున కనబడనిచో, ఆ మేరకు సొమ్ము విఱుగగోయు నిబంధనయు పెట్టెను. జీతము పెంచి లెక్క అడుగుట న్యాయము. జీతము పెంచక లెక్క అడిగినచో లంచము పెరుగును. లెక్క అడుగక జీతము పెంచినచో ఖజానా తరుగును.

భూమిని కొలిపించి, గ్రామముల సరిహద్దులు నిర్ణయించి, పంటను బట్టి శిస్తు కట్టుట మఱియొక గొప్ప సంస్కారము. దీనిని మనము రెండు దృష్టులతోను చూడవలెను. కొలత లేనిచోట బలవంతుడు తక్కువ శిస్తు కట్టును, బలహీనుడు అతని వంతు కూడ మోయును. కొలత వచ్చిన పిమ్మట రైతునకు తాను చెల్లింపవలసినది యెంతయో తెలియును. అయితే ఆ కొలత త్రాడే సర్కారు చేయి ప్రతి మడికి చేరు త్రాడు కూడ. యుద్ధముల వ్యయము చివరకు ఆ మడి నుండియే వచ్చెను గదా! గవాను క్రమము తెచ్చెను. ఆ క్రమమును గూర్చి రైతునెవ్వరు నడుగలేదు.

బీదరున 1472లో ఆయన కట్టించిన విద్యాలయము నేటికిని సగము నిలిచియున్నది. మూడంతస్తుల భవనము, రంగురంగుల పెంకులు తాపిన మీనారు, విద్యార్థులకు గదులు, మూడు వేల గ్రంథముల పుస్తకశాల దానియందుండెను. 1696లో పేలుడు సంభవించి యొక పార్శ్వము కూలిపోయెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ 1942లో గవాను చరిత్రమును, పురావస్తు శాఖాధికారి గులాం యజ్దానీ 1947లో బీదరు కట్టడముల చరిత్రమును వెలువరించిరి. ఆ మంత్రిని గూర్చి నేడు మన మెఱిగిన దానిలో హైదరాబాదు పండితుల పరిశ్రమ చాల కలదు.

ఇంతటి మంత్రి అంత మెట్టిది? తెలంగాణమును రెండు చేయుటతో దాని తరఫుదారు మలిక్ హసన్ అధికారము సగమయ్యెను. దక్కను వారికిని, విదేశముల నుండి వచ్చిన వారికిని నడుమ నున్న కక్షలు దీనికి తోడయ్యెను. గవాను ఉద్యోగములను ఇరుపక్షములకును సమముగా పంచినను అవి చల్లారలేదు. కుట్రదారులు ఆయన ముద్రను కాపాడు బంటును లోబఱచుకొని, తెల్లకాగితముపై ముద్ర వేయించిరి. దానిపై ఓఢ్ర గజపతిని దండెత్తి రమ్మని ఆహ్వానించునట్లు లేఖ వ్రాసి, సుల్తానుకు చూపిరి. 1481 ఏప్రిల్ 5వ తేదీన, మన కృష్ణా తీరమునందలి కొండపల్లి శిబిరమున, మద్యపాన మత్తుడైన సుల్తాను మంత్రిని పిలిపించెను. ముద్ర నాదే, లేఖ నాది కాదని వృద్ధుడు చెప్పినను వినక, అచ్చటనే చంపించెను.

ఆ పిమ్మట సుల్తాను మంత్రి ధనమును వెదకించెను. ఫిరిస్తా చరిత్ర చెప్పునది యేమనగా, గవాను తన జాగీరు రాబడిని సేనకును, సర్కారు కార్యములకును, బీదలకును వినియోగించి, తన భోజనమునకు మాత్రము పూర్వము వర్తకమునకు తెచ్చుకొన్న సొమ్ముపై వచ్చు లాభమును వాడుకొనెనట. సుల్తాను పశ్చాత్తప్తుడై సంవత్సరము తిరుగకముందే మరణించెను. పది సంవత్సరములు గడచునప్పటికి బిజాపురము, బీరారు, అహమ్మదునగరము స్వతంత్రములయ్యెను. వీనిలో అహమ్మదునగర రాజ్యమును స్థాపించినవాడు ఆ మలిక్ హసన్ కుమారుడే. తరువాత గోలకొండయు విడిపోయెను. గవాను ఎనిమిది తరఫులు, ఒక్క కోట నియమము, సర్కారు ఖాసా, అన్నియు ఆయన వెంటనే పోయెను.

ఒక్క దొంగలేఖతో ఇంత పని యెట్లు కూలెను? సంస్కారములన్నియు ఒక్క ముద్రపై ఆధారపడి యుండుటయే కారణము. వానివలన లాభము పొందిన సామాన్యునకు వానిని నిలుపు హక్కు గాని, నిలుపవలెనను తలంపు గాని లేదు. నష్టపడిన తరఫుదారులకు మాత్రము వానిని కూల్చు బలమును, కారణమును ఉండెను. సత్పురుషుడైన అధికారి వలన కలుగు మేలు ఎంత గొప్పదైనను, ఆ మేలు ప్రజల చేతిలో హక్కుగా గాని, ప్రజల చేతిపనిగా గాని మాఱనంత వఱకు అది ఆయనతోనే వచ్చి ఆయనతోనే పోవునని బీదరు కోట మనకు చెప్పుచున్నది.

హక్కుగా మాఱుట యెట్లో కూడ బీదరు జిల్లాయే కొంత చూపినది. కర్ణాటక ప్రభుత్వము 2011లో పౌరులకు సేవలను గడువులోపల అందించుటకు హామీ నిచ్చు చట్టమును చేసెను. దీనినే 'సకాల' అందురు. రాష్ట్రమంతట 2012 ఏప్రిల్ 2వ తేదీన అమలు చేయుటకు ముందు, మార్చి 1వ తేదీన నాలుగు తాలూకాలలో ప్రయోగముగా నారంభించిరి. ధార్వాడ, చిత్రదుర్గ, పుత్తూరులతో పాటు నాలుగవది బీదరు జిల్లాలోని ఔరాదు. తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దుల నడుమ కన్నడము, మరాఠీ, తెలుగు, ఉర్దూ కలసి వినవచ్చు మాఱుమూల తాలూకా యది. రాజధాని చెంత సాధ్యమైనది సరిహద్దు పల్లెలో సాధ్యమగునా యని పరీక్షించుట వివేకము.

ఆ చట్టపు పనితీఱు సులభమైనది. మొదట 11 శాఖలకు చెందిన 151 సేవలకు గడువులు నిర్ణయించిరి. కుల, ఆదాయ ధ్రువపత్రమునకో, జనన మరణ పత్రమునకో పౌరుడు దరఖాస్తు ఇచ్చినచో, వెంటనే 15 అంకెల సంఖ్యగల రసీదు చేతికి రావలెను. ఆ సంఖ్యతో దరఖాస్తు ఎవరి బల్లపై నున్నదో తెలిసికొనవచ్చును. గడువు దాటినచో పై యధికారికి అప్పీలు చేయవచ్చును. ఆలస్యమైన ఒక్కొక్క దినమునకు 20 రూపాయల చొప్పున, 500 రూపాయలకు మించకుండ, పౌరునకు పరిహారము లభించును. ఆ సొమ్ము బాధ్యుడైన ఉద్యోగి జీతము నుండి రాబట్టవలెను.

ఇరువది రూపాయలు అల్పమే. కాని దాని వెనుక నున్న భావము అల్పము కాదు. పూర్వము ధ్రువపత్రమునకు వచ్చిన రైతు కచేరీ గుమ్మము కడ చేతులు కట్టుకొని నిలువబడెను. గుమాస్తా 'రేపు రమ్ము' అనిన మఱునాడు మరల వచ్చెను. ఇప్పుడు ఆతని చేతిలో రసీదు కలదు, దానిపై తేదీ కలదు. కలెక్టరు దయామయుడైనను కాకున్నను ఆ తేదీ మాఱదు. మన వైపున 2011 నవంబరున ప్రారంభమైన 'మీ సేవ' కేంద్రములు కచేరీ గుమ్మమును పల్లెకు దగ్గఱ చేసినవి. అదియు గొప్ప పనియే. అయితే గుమ్మము దగ్గఱగుట వేఱు, జాప్యమునకు జవాబు చెప్పించు హక్కు వేఱు. ఈ రెండును కలిసినచోటనే సేవ పూర్ణమగును.

అట్లని చట్టము చేసినంత మాత్రమున సర్వము చక్కబడినదని తలంపరాదు. గడువు దాటునను భయముతో చిన్న లోపము చూపి దరఖాస్తును తిరస్కరించు గుమాస్తా యుండును. రసీదు అడుగుట యెఱుగని ముసలమ్మ యుండును. అప్పీలు చేసిన ఉద్యోగికి కోపము వచ్చునేమో, మరల ఆతని కడకే పోవలసి యుండునే యని వెనుదీయు పేదవాడుండును. వారి ప్రక్కన నిలిచి రెండు పంక్తులు వ్రాసిపెట్టు చదువరి లేనిచో హక్కు కాగితము మీదనే యుండును.

చెరువు సంగతియు నట్టిదే. చట్టముచే ధ్రువపత్రము గడువులో రావచ్చును గాని చెరువు నిండదు. దానికి ప్రజల చేతులు కావలెను. తెలంగాణమున 2015 మార్చి నుండి 'మిషన్ కాకతీయ' పేరిట చెరువుల పూడికతీత సాగినది. 46 వేలకు మించిన జలాశయములను బాగుచేయవలెనని లక్ష్యము పెట్టుకొనిరి. అచ్చటను ఒండ్రుమట్టిని రైతులే పొలములకు తోలుకొనిరి. పూర్వము ప్రతి యూరను నీరటికాడు తూము తీయుచు మూయుచు నుండెను; ఆయకట్టు రైతులు ఏటేట గట్టుపై మట్టి వేయుచు, కాలువల పూడిక తీయుచు నుండిరి. ఆ కట్టుబాటు సడలిన పిమ్మటనే చెరువులు పూడెను. పూడిక తీయించుటకు ఒక్క కలెక్టరు చాలును, ఒక్క వేసవి చాలును. పూడకుండ నుంచుటకు మాత్రము ప్రతి యేడును ఊరు కదలవలెను.

ఈ పట్టణమున ఉద్యోగములలోను, న్యాయవాద వృత్తిలోను, వైద్యమునందును, విద్యాలయములందును ఉన్న మనలో అనేకులకు స్వగ్రామమున నొక చెరువు కలదు. పండుగకు పోయినపుడు దాని గట్టుపై తిరిగి వచ్చుచునే యున్నాము. దాని శిఖము భూమి యెంతయో, అలుగు తెగియున్నదో బాగున్నదో, వరద కాలువకు అడ్డముగా నెవరైన గోడ కట్టిరో, మనలో నెందఱ మడిగితిమి? కచేరీలో ముసలమ్మకు రసీదు ఇప్పించుటకు ఎందఱము అరగంట నిలిచితిమి? మంచి యధికారి రావలెనని కోరుకొనుట తప్పు కాదు. వచ్చినపుడు ఆయనను పొగడి ఊరకుండుటయే తప్పు.

బీదరు శివారున మహమూదు గవాను సమాధి కలదు. పట్టణములో ఆయన విద్యాలయము కలదు. వానిని చూడవచ్చిన యాత్రికుడు నౌబాదునకు కూడ పోయి కరేజు సొరంగమును చూచి రావలెను. దానిని త్రవ్విన కూలీల పేర్లు ఏ శాసనమునను లేవు. దానిని మరల పూడిపోనీయకుండ కాచుట మాత్రము నేటివారి చేతిలో నున్నది.